ఫోటో కోసం అడిగిన పిల్ల

"తలుపు తీస్తారా, వడ్రంగిని పిలిపించమంటారా?" అంది వదిన, టీ గ్లాసు గడప దగ్గర పెడుతూ.

లోపలి నుంచి జవాబు లేదు. మంచం కిర్రుమంది. అంటే మనిషి మెలకువగానే ఉన్నాడు.

ఇది మూడో రోజు. ఆదివారం ఆ ఇస్త్రీ ఆవిడ వచ్చి వెళ్ళిన దగ్గర నుంచి పాపాయి అన్నయ్య వెనక గదిలో గడియ వేసుకుని కూర్చున్నాడు. తెల్లవారకముందే లేచి స్నానం ముగించుకుని, కూజా నింపుకుని, ఆడవాళ్ళిద్దరూ కళ్ళు తెరిచేసరికి మళ్ళీ గడియ. ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఆయన ఈల వేస్తే పిల్లలే కాదు, మైదానం పక్క దారిన పోయేవాళ్ళు కూడా ఒక్క క్షణం నిటారుగా నిలబడేవారు. ఆ గొంతు ఇప్పుడు పెగలడం లేదు.

"రెండు పూటలా పళ్ళెం మాత్రం ఖాళీ చేసి బయట పెడుతున్నారు," అంది వదిన. "కోపం నోటికే గాని కడుపుకి లేనట్టుంది."

పాపాయి నవ్వలేదు. మామూలుగా అయితే వదిన మాటకి అందరికంటే ముందు నవ్వేది ఆమే.

పాపాయికి యాభై ఎనిమిదేళ్ళు. జుట్టు సగానికి పైగా నెరిసింది. కళ్ళజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కదు. అయినా ఇంట్లో పాపాయే, వీధిలో పాపాయే. ఆమె పనిచేసే బైండింగు షాపులో నిన్న కాక మొన్న చేరినవాళ్ళు కూడా 'పాపాయమ్మగారూ' అనే పిలుస్తారు. పెళ్ళి మాట రెండు మూడుసార్లు ఇంటి గుమ్మం దాకా వచ్చి, ఎందుకో దాని దారిన అది వెనక్కిపోయింది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక అన్నయ్య దగ్గరే, వీధివైపు చిన్న గదిలో ఉంటోంది.

ఆదివారం జరిగింది చెప్పుకోవడానికి ఎంతో లేదు. తన ఈడుదే ఒకావిడ, మెడ మీద మూట తాడు ఒరుసుకున్న మరకతో, గుమ్మంలో నిలబడింది. బట్టలకి వచ్చిందేమో అనుకున్నారు. ఆవిడ సంచీలోంచి పాత కాగితం కవరు తీసి, అందులోంచి ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. హాల్లో గోడకి వేలాడే ఫోటో లాంటిదే. లాంటిదేమిటి, అదే. నిక్కరు వేసుకుని చేతులు కట్టుకున్న ఎనిమిదేళ్ళ అబ్బాయి, పక్కన స్టూలు మీద గౌను వేసుకున్న మూడేళ్ళ పిల్ల. అన్నయ్యా, పాపాయీ.

"ఈ పాప మా చెల్లెలండీ," అంది ఆవిడ. "మా అమ్మ ఒకసారి చూడాలంటోంది. మా ఇల్లు రైలు గేటు అవతల సందులో. ఇస్త్రీ బల్ల గుర్తు."

అంతే. అన్నయ్య కుర్చీ ఎక్కి, గోడ మీది ఫోటో దించి, దాన్ని గుండెకి ఆనించుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. ఇదీ జరిగింది.

"నువ్వైనా పనికి వెళ్ళవే పాపాయ్," అంది వదిన. "ఇద్దరూ చెరో మూలా కూర్చుంటే ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకోవాలి."

"ఇవాళ రానని చెప్పి పంపాను."

"ఎవరో దారిన పోయే మనిషి మతి చలించి ఏదో వాగితే దానికింత..."

"మతి చలించిన మనిషి దగ్గర మన ఫోటో ఎందుకుంటుంది వదినా?"

వదిన నోరు తెరిచి, మూసుకుంది. ఆవిడ నోరు అలా మూతపడటం అరుదు. కాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి, "నాకు తెలిసింది ఇంతే," అంది చివరికి. "నేను కాపురానికొచ్చిన కొత్తలో అడిగాను. అమ్మాయికి ఏ పోలికా లేదేమిటండీ, అని. మీ అన్నయ్య నాతో పది రోజులు మాట్లాడలేదు. మళ్ళీ అడగలేదు."

ఆ మాట అనేసి వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు కావలసిన దానికంటే ఎక్కువ వినిపించింది.

పాపాయి తలుపు పక్కన నేల మీద కూర్చుంది. వీపు గోడకి ఆనించింది. ఏం అడగాలో తెలియలేదు. అందుకని తనకి తెలిసిన సంగతే మాట్లాడింది.

"అన్నయ్యా. ఆ ఫోటో చేతిలో పట్టుకుని కూర్చోకు. వెనక అట్టకి వాడింది పాతకాలం జిగురు. చెమట తగిలితే పొరలు పొరలుగా లేస్తుంది. బల్ల మీద పడుకోబెట్టు."

తరవాత బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడు.

"పెట్టాను," అన్నాడు అన్నయ్య.

మూడు రోజుల తరవాత అది మొదటి మాట. వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగింది.

"ఆవిడ చెప్పింది నిజమా?"

"పాపాయ్, నువ్వు వెళ్ళు. పనికి వెళ్ళు."

"నిజమా?"

మంచం మళ్ళీ కిర్రుమంది. అడుగులు దగ్గరకి వచ్చాయి. గడియ తీస్తాడనుకుంది. తీయలేదు. అవతలి వైపు, సరిగ్గా తన వెనకే, ఆయన కూడా నేల మీద కూలబడిన చప్పుడు వినిపించింది. ఇద్దరి మధ్యా ఒక చెక్క తలుపు.

"నీకంటే ముందు ఒక పాపాయి ఉండేది," అన్నాడు.

పాపాయి తల తిప్పి తలుపు వైపు చూసింది.

"నాన్న ఓడలో బాయిలరు దగ్గర పనికి వెళ్ళేటప్పటికి దానికి ఏడాది. ఒక్కసారి ఎక్కితే రెండేళ్ళు, మూడేళ్ళు. ఉత్తరాలే. రెండో ఏడు చలికాలంలో దానికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. అయిదో రోజు పొద్దున అమ్మ నన్ను పక్కింట్లో కూర్చోబెట్టింది. సాయంత్రం తీసుకొచ్చేసరికి ఇంట్లో పాపాయి లేదు. ఉయ్యాల కూడా లేదు."

"నాన్నకి రాయలేదా?"

"రాయలేదు. రాస్తాను రాస్తాను అనేది. కాగితం ముందేసుకుని కూర్చునేది. చివరికి ఏం రాసేదో తెలుసా? పిల్లలిద్దరూ క్షేమం. ప్రతి ఉత్తరంలో అదే మాట. నేనే పెట్టెలో వేసొచ్చేవాణ్ణి. అక్కడ ఒక్కడూ నిప్పుల దగ్గర ఉన్నాడు, ఈ మాట వింటే ఏమైపోతాడోనని ఆమె భయం. ఒక్కసారి రాసిన అబద్ధానికి రెండోది రాయక తప్పదు గదా. అలా ఎనిమిది నెలలు."

"అప్పుడు ఫోటో అడిగారు."

"అడిగాడు. తోటివాళ్ళందరి దగ్గరా పిల్లల ఫోటోలున్నాయి, నాకూ పంపించు అని."

అది బడి పిల్లలకి డ్రిల్లు చెప్పే గొంతు కాదు. ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

"వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడ ఉండేది. అయిదుగురు పిల్లలు. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. అందరికంటే చిన్నది మన పాపాయి ఈడుదే. అమ్మ వెళ్ళి అడిగింది. ఒక్క పూట, ఫోటో కోసం అని. ఆవిడ సరేనంది. అమ్మ నీకు తలంటి, పాపాయి కోసం కుట్టి ఉంచిన గౌను తొడిగింది. ఎర్ర బూట్లు కొత్తవి కొన్నది. నువ్వు స్టూడియోకి వెళ్ళే దారంతా బూట్లు చూసుకుంటూ గెంతావు. ఫోటో రెండు కాపీలు తీయించి, ఒకటి నాన్నకి పంపి, ఒకటి మీ... ఒకటి ఆవిడకిచ్చింది. గోడ మీది ఈ ఫోటో నాన్న ఓడలో దాచుకున్నదే. తిరిగొచ్చాక ఫ్రేము కట్టించాడు."

'మీ' అన్న ముక్క మీద ఆయన తడబడటం పాపాయికి వినిపించింది. మీ అమ్మకి. యాభై అయిదేళ్ళుగా మా అమ్మ, మన అమ్మ అన్న మనిషి, ఒక్క క్షణంలో మీ అమ్మ అనబోయాడు.

"నాన్న జవాబు రాశాడు," అన్నాడు అన్నయ్య. "పాపాయి గడ్డం అచ్చం మా అమ్మ గడ్డమే అని రాశాడు."

పాపాయికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. నాన్న బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఆ గడ్డం చూపించేవాడు. పట్టుకుని ఇటూ అటూ తిప్పేవాడు. పోలికలు చూసేవాళ్ళ కళ్ళలో ఉంటాయి గాని పిల్లల మొహాల్లో ఎక్కడుంటాయి.

"తరవాత?"

"తరవాత వస్తున్నానని ఉత్తరం వచ్చింది. పదిహేను రోజుల సెలవు. అమ్మ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. పదిహేను రోజులు ఉంచుకుంటాను, ఆయన ఓడ ఎక్కగానే తెచ్చి అప్పజెబుతాను అంది."

"అప్పజెప్పలేదు."

"నాన్న మళ్ళీ ఓడ ఎక్కలేదు. నిన్ను చూశాక వెళ్ళనన్నాడు. రేవులోనే పని వెతుక్కుంటానన్నాడు." అన్నయ్య ఆగాడు. "పదహారో రోజున ఆవిడ వచ్చింది. నిన్ను తీసుకుపోవడానికి. నాన్న ఇంట్లో లేడు. అమ్మ పెరట్లో ఉంది. గుమ్మంలో నేనున్నాను."

తలుపు అవతల మాట ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది, చేతిలో గరిటెతో, కదలకుండా.

"చెప్పన్నయ్యా."

"నేను నిన్ను మంచం కింద దాచాను. నోరు తెరవొద్దని నీ నోటి మీద చెయ్యి పెట్టాను. నువ్వు ఆటనుకున్నావు, నవ్వు ఆపుకున్నావు. దుప్పటి కిందికి లాగి, గుమ్మంలోకి వెళ్ళి, చెల్లెలు నాన్నతో రేవుకెళ్ళింది అని చెప్పాను. అమ్మకి వినిపించింది. తడి చేతులతో పెరటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. కాదని ఒక్క మాట అనలేదు. ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. వారం తిరక్కుండా మనం ఇల్లు మారిపోయాం."

"అంటే నువ్వు నన్ను..."

"దొంగిలించాను. ఏ మాటైనా అను. అదే."

"నీకు ఎనిమిదేళ్ళు."

"ఎనిమిదేళ్ళ వాడికి అబద్ధమంటే ఏంటో తెలీదా? నాకు తెలుసు. ఒక చెల్లెలు పొద్దున ఉండి సాయంత్రానికి లేకుండా పోయింది. రెండోది కూడా పోతుందంటే... నేను పోనివ్వలేదు. ఆ తరవాత ఇస్త్రీ బండి చప్పుడైతే చాలు, బడిలో ఉన్నా గుండె దడదడలాడేది. ఇప్పటికీ అంతే."

పాపాయి తన చేతుల వైపు చూసుకుంది. పుస్తకం ఫారాలుగా మడిచిన కాగితాలు కుట్టి కుట్టి వేళ్ళ చివర్లు గట్టిపడ్డాయి.

"ఆ పాప పేరేంటి?" అని అడిగింది.

"నీ పేరే."

"మరి పుట్టినరోజు?"

"అదీ తనదే."

అప్పుడొక సంగతి ఆమెకి తట్టింది. బడిలో, షాపులో రాసుకోవడానికి తనకొక పేరుంది. ఆ పేరు పెట్టి అమ్మ ఒక్కసారి కూడా పిలవలేదు. జబ్బు చేసి మంచాన పడ్డ రోజుల్లో కూడా, మందు మత్తులో కూడా, పాపాయీ అనే పిలిచింది. ముద్దుకి అనుకుంది ఇన్నాళ్ళూ. పాపాయి అంటే ఏ పిల్లకైనా సరిపోయే పిలుపు. అసలు పేరు ఇంకొకరిది కాబట్టి నోరు రాలేదని ఇప్పుడు తెలిసింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అంది. "అమ్మ పోయాక నన్ను ఈ ఇంట్లో పెట్టుకున్నావు. నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నావు. నా జీతంలో ఒక్క రూపాయి ముట్టుకోలేదు. ఇదంతా చెల్లెలి మీద ప్రేమా, చేసిన తప్పుకి దిద్దుబాటా?"

ఆమె వేలి కణుపుతో తలుపు మీద తట్టింది.

"చెప్పవేం?"

చెప్పలేదు. ఆమె అయిదు నిమిషాలు కూర్చుంది. పది నిమిషాలు కూర్చుంది. తరవాత గోడ పట్టుకుని లేచింది.

"ఎక్కడికే?" అంది వదిన, గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

"రైలు గేటు అవతలికి."

"నేనూ వస్తాను ఉండు, స్టవ్ ఆపి..."

"వద్దు వదినా. నువ్వు ఆయన దగ్గరుండు."

వీధి మామూలుగానే ఉంది. అదే ఆమెకి వింతగా తోచింది. సైకిలు షాపువాడు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. మందుల షాపు మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు పేపరు చెరి సగం పంచుకుని చదువుకుంటున్నారు. ఒకాయన తలెత్తి, "ఏం పాపాయ్, ఇవాళ షాపు లేదా?" అన్నాడు. లేదు బాబాయ్, అంది. ఆ పిలుపుకి పలకడానికి తనకేం హక్కుంది అనిపించింది. మూడేళ్ళప్పుడు ఒక గౌనులో దూరింది. ఇన్నేళ్ళూ ఆ గౌనులోనే ఉండిపోయింది.

రైలు గేటు వేసి ఉంది. గూడ్సు బండి పెట్టె వెనక పెట్టెగా సాగుతూనే ఉంది. పాపాయి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దగ్గర తప్పింది. వెనక్కి తిరిగిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. కాని తిరిగిపోతే ఏ ఇంటికి? ఆ ఇంట్లో తలుపు అవతలి మనిషి జవాబు చెప్పలేదు.

గేటు లేచింది.

ఇస్త్రీ బల్ల సందు మొదట్లోనే ఉంది. రేకు పందిరి కింద, బొగ్గుల పెట్టె పక్కన, ఆదివారం వచ్చిన ఆవిడ చొక్కా చేతులు సవరిస్తోంది. తలెత్తి చూసింది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టడం మర్చిపోయింది. చొక్కా కాలిన వాసన వచ్చాక ఉలిక్కిపడి తీసింది.

"చూశావా, నీ మూలంగా ఒక చొక్కా పోయింది," అని ఏడుస్తూ నవ్వింది. "రా మిడతా. లోపలికి రా."

"ఏమన్నారు?"

"మిడత. నిన్ను మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. కాలు ఒక చోట నిలిచేది కాదు గదా నీకు. ఈ మంచం మీంచి ఆ మంచం మీదికి. నీకు గుర్తుండదులే. నాకు ఆరేళ్ళు. నిన్ను చంకనేసుకుని తిప్పింది నేనే."

పాపాయి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఏమీ లేదు. ఆవిడ చంక, ఆ మంచాలు, ఆ పిలుపు, ఏదీ లేదు. ఎవరి సంగతో విన్నట్టుంది.

"మీరు నన్ను ముందు ఎప్పుడైనా చూశారా?"

"పదేళ్ళ కిందట మీ వీధి బట్టలే మోశాను. మీ గుమ్మంలోంచి గోడ మీది ఫోటో కనిపించి పోల్చుకున్నాను. నువ్వు బైండింగు షాపులోకి వెళ్ళడం రోజూ చూసేదాన్ని. ఒకసారి నీ ఎదురుగానే నిలబడి టైమెంతని అడిగాను కూడా. చెప్పావు. అమ్మ ఒట్టు వేయించుకుంది గాని లేకపోతే అప్పుడే..." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు తనే వెళ్ళి చెప్పమంది. కాలు విరిగి ఆరు నెలలుగా మంచం మీదే. చూపు కూడా మసక. రా."

లోపల గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఉతికిన బట్టల మూటలు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. మంచం మీద ఎనభై దాటిన ముసలావిడ దిండుకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో తడి గుడ్డ. పక్కన మడతపెట్టిన చొక్కాల మీద చేత్తో నీళ్ళు చిలకరిస్తోంది. కాలు కదలకపోయినా చేతులు పని మానలేదు.

అడుగుల చప్పుడుకి తలెత్తింది.

"ఎవరి బట్టలమ్మా?" అంది. "నిన్న ఇచ్చినవైతే సాయంత్రానికి గాని అవ్వవు."



"బట్టలు కాదమ్మా," అంది కూతురు. "మిడత."

నీళ్ళు చిలకరించే చెయ్యి గాల్లోనే ఆగింది. ముసలావిడ ఏడవలేదు. పేరు పెట్టి పిలవలేదు. మంచం అంచు మీద చెయ్యి వేసి తట్టింది, కూర్చోమని. పాపాయి కూర్చున్నాక ఆమె చెయ్యి అందుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఈ చేతులు కాయలు కాచాయి. వాళ్ళు నిన్ను కూర్చోబెట్టి పెట్టలేదా?"

"పెట్టారు. నేనే పనికెళతాను. పుస్తకాలు కుడతాను."

"ఇష్టపడేనా?"

"ఇష్టపడే."

"అయితే సరే."

బయట పందిరి కింద బొగ్గులు చిటపటమన్నాయి. పాపాయి చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది. తీసుకోలేదు.

"నాకు ఇవాళే తెలిసింది," అంది. "పదిహేను రోజులకని తీసుకెళ్ళారట. మీరు నా కోసం వచ్చారట. మా అన్నయ్య, నేను రేవుకెళ్ళానని అబద్ధం చెప్పాడట. మీరు అది నమ్మి వెళ్ళిపోయారు. ఆయన మూడు రోజులుగా గది దాటి రావడం లేదు."

ముసలావిడ బోసి నోటితో చిన్నగా నవ్వింది.

"నమ్మానా? అయిదుగురు పిల్లల తల్లిని. ఎనిమిదేళ్ళ వాడు అబద్ధమాడితే మొహంలో తెలీదా నాకు? మొహం దాకా ఎందుకు. మంచం మీంచి దుప్పటి వేలాడుతోంది. దాని కింద నుంచి నీ కాలు కనిపిస్తోంది. ఎర్ర బూటు."

పాపాయి వెన్ను నిటారుగా అయింది.

"చూశారా?"

"చూశాను."

"చూసి?"

"చూసి వచ్చేశాను."

తలుపు దగ్గర నిలబడ్డ కూతురు ఒక్క అడుగు ముందుకేసింది. "అమ్మా! లాక్కున్నారని చెప్పావు. నా చిన్నప్పట్నుంచీ అదే చెప్పావు. వాళ్ళ వీధిలో బట్టలు మోసినన్నాళ్ళూ ఆ ఇంటిని తిట్టుకుంటూ నడిచాను నేను!"

"నువ్వు ఊరుకో. నిన్నడగలేదు అది."

"ఎందుకు?" అంది పాపాయి. "ఎందుకు వచ్చేశారు?"

ముసలావిడ మసక కళ్ళు ఆమె మొహం మీద నిలిచాయి. ఎంత కనిపించిందో తెలియదు.

"అడగాలి నువ్వు. నన్ను నేనే ఎన్నోసార్లు అడిగి చూసుకున్నాను. ఒక్కోసారి ఆ కొత్త బూటు చూసి వచ్చేశాననుకుంటాను. ఒక్కోసారి, ఆ పిల్లాణ్ణి చూసి అనుకుంటాను. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు, కాళ్ళు వణుకుతున్నాయి. నిన్ను అలా కాపలా కాసే మనిషి మా ఇంట్లో లేడు. ఇంకోసారి..." ఆవిడ ఆగింది. "ఇంకోసారి అనుకుంటాను, తినే నోళ్ళు అయిదు, ఒకటి తగ్గితే కాస్త ఊపిరాడుతుందని వచ్చేశానేమోనని. ఏదని చెప్పను? అన్నీ నిజమే. ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది."

తలుపు దగ్గర కూతురు మొహం తిప్పుకుని బయటికి వెళ్ళిపోయింది.

"ఆ పిల్లాడు ఉన్నాడన్నావు గదా," అంది ముసలావిడ. "వాణ్ణి తీసుకురా. నా నోటితో చెబుతాను. తనేదో చేశాననుకుంటున్నాడు పాపం. వాడేం చెయ్యలేదు. ఇచ్చినదాన్ని నేను."

పాపాయి తిరిగి వచ్చేసరికి ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. వచ్చేటప్పుడు సందు చివరి దాకా అక్క తోడుగా నడిచింది. మళ్ళీ వస్తావా అని అడగలేదు. కాలిన చొక్కా వాళ్ళకి ఏం చెప్పాలో అని మాత్రం అంది. ఇద్దరూ కాసేపు ఆ చొక్కా గురించే మాట్లాడుకున్నారు.

ఇంటి మెట్ల మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. గడ్డం మాసి, మూడు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు. కాళ్ళకి బూట్లు వేసుకున్నాడు. ఎక్కడికి బయల్దేరి ఎందుకు ఆగిపోయాడో.

"వస్తావో రావో అనుకున్నాను," అన్నాడు.

పాపాయి ఆయన పక్కన కూర్చుంది. వదిన కిటికీ దగ్గరికి వచ్చి, ఇద్దరినీ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"పొద్దున నువ్వడిగిందానికి..." అని మొదలుపెట్టాడు అన్నయ్య. చేతులు నలుపుకున్నాడు. "నాకే తెలీదు పాపాయ్. రెండూ ఎప్పుడు కలిసిపోయాయో. విడదీసి చూడాలంటే భయం."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమంది ఆవిడ?"

ఒక్క మాట చాలు. నీ అబద్ధం ఎవరూ నమ్మలేదన్నయ్యా, నువ్వు దొంగిలించలేదు, వాళ్ళే వదిలేశారు. ఆ ఒక్క మాటతో యాభై అయిదేళ్ళ బరువు ఆ భుజాల మీంచి దిగిపోతుంది. ఇస్త్రీ బండి చప్పుడుకి ఇక ఎప్పుడూ ఆయన గుండె దడదడలాడదు.

కాని ఈ కథంతటిలో తనని ఎవరికీ ఇవ్వనని అడ్డం నిలబడ్డవాడు ఒక్కడే. ఒకరు అడిగారు, ఒకరు ఇచ్చారు, ఒకరు గడ్డం పట్టుకుని మురిసిపోయారు. మంచం కింద దాచినవాడు ఈయనే. ఆ బరువు దిగిపోతే, దానితో పాటు తనూ దిగిపోతుందేమో. అప్పుడు ఈ మెట్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు ఒకరికొకరు ఏమవుతారు?

"నిన్ను ఒకసారి తీసుకురమ్మంది," అంది.

అన్నయ్య మొహంలో రక్తం లేదు. "తిట్టడానికా?"

పాపాయి ఆయన వైపు చూసింది. డ్రిల్లు మాస్టారి వీపు వంగి, ఎనిమిదేళ్ళ పిల్లాడిలా మోకాళ్ళు దగ్గరకి చేర్చుకుని కూర్చున్నాడు. మాట నాలిక చివరి దాకా వచ్చింది.

"తెలీదన్నయ్యా," అంది. "ఏమీ చెప్పలేదు."